పాఠకుల ప్రశ్నలు: పరాయి యుద్ధానికి పోయేదెవరు?

కిందటి సంచికలో స్పెయిన్ అంతర్యుద్ధం గురించి నాలుగు ముక్కలు రాశాను. రెండు పక్షాల్లోనూ బయటి దేశాల వాళ్లు వేలల్లో వచ్చి చేరారని అందులో ఒక వాక్యం ఉంది. ఆ ఒక్క వాక్యం పట్టుకుని ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. అందుకని ఈసారి పేజీ మొత్తం దానికే. చంద్రగిరి కోట గురించి అడిగిన పెద్దాయన, నగరి మగ్గాల గురించి అడిగిన తమ్ముడు ఒక నెల ఓపిక పట్టాలి.

మాస్టారూ, సిరియాకు, అంతకుముందు అఫ్గానిస్తాన్‌కు, ఇంకా ముందు స్పెయిన్‌కు ఎవరెవరో పోయి ప్రాణాలు పోగొట్టుకున్నారు కదా. 'అంతా బ్రెయిన్‌వాష్' అంటారు మా హాస్టల్ అమ్మాయిలు. 'డబ్బు లేనిదే ఎవడూ పోడు' అంటాడు మా నాన్న. ఎవరిది కరెక్టు?
– ఎమ్మే విద్యార్థిని, తిరుపతి

మీ నాన్నగారిది సగం కరెక్టమ్మా. మీ హాస్టల్ అమ్మాయిలది పావు. మిగిలిన పావు గురించి ఎవరూ మాట్లాడరు. నాకు అదే ముఖ్యం అనిపిస్తుంది.

తెల్లవారుజామున అలిపిరి దగ్గర నిలబడి, మెట్లెక్కే వాళ్లను ఎందుకొచ్చారని ఒక్కొక్కరినీ అడిగి చూడు. ఒకామెకు మొక్కు. ఒకాయన్ని డాక్టరు నడవమన్నాడు. ఒకడికి ఉద్యోగం రావాలి. నలుగురు కాలేజీ పిలకాయలేమో రాత్రి రూములో ఒకడు 'పోదాం రాండ్రా' అంటే లేచి వచ్చేశారు. బయటికి వినపడేది మాత్రం అందరి నోటా ఒక్కటే, గోవిందా గోవిందా. (స్వామి నడకను యుద్ధంతో పోల్చానని కోప్పడకండి, పోలిక కారణాల వరకే.) యుద్ధానికి పోయిన గుంపు విషయంలోనూ మనం నినాదం విని, అందరి కారణమూ అదే అనేసుకుంటాం.

స్పెయిన్‌నే తీసుకో. 1936 జూలైలో అక్కడ సైన్యం ప్రభుత్వం మీద తిరగబడింది. ప్రభుత్వం వైపు పోరాడటానికి యాభైకి పైగా దేశాల నుంచి సుమారు 35 వేల మంది అంతర్జాతీయ బ్రిగేడ్లలో చేరారు. మాస్కో నుంచి నడిచే ప్రపంచ కమ్యూనిస్టు సంస్థ కమ్యూనిస్టు ఇంటర్నేషనల్ వాళ్లు పారిస్‌లో చేర్చుకుని అల్బసెతె అనే ఊరికి పంపేవాళ్లు. ఫ్రాన్స్ సరిహద్దు మూసేశాక రాత్రిపూట పిరనీస్ కొండలెక్కి నడిచి పోయారు. ఫాసిజం మీద కోపంతో పోయారని పుస్తకాలు చెబుతాయి. అది అబద్ధం కాదు. కాకపోతే ఆ కోపం ఒక్కొక్కడికి ఒక్కో దారిలో వచ్చింది. జర్మన్లు, ఇటాలియన్లు సొంత దేశంలో ఓడిపోయి పారిపోయినవాళ్లు, వాళ్లకు తిరిగి పోవడానికి ఇల్లే లేదు. 1937 మార్చిలో గ్వాదలహారా దగ్గర ఇటలీ నియంత ముస్సోలినీ తిరుగుబాటు సైన్యానికి సాయంగా పంపిన ఇటాలియన్ సైనికులకు, గారిబాల్డీ బెటాలియన్‌లోని ఇటాలియన్ వలంటీర్లకు ఎదురెదురుగా పడింది. వీళ్లు లౌడ్‌స్పీకర్లు పెట్టి అవతలి వాళ్లను ఇటాలియన్ భాషలోనే 'ఇటు వచ్చేయండి' అని పిలిచారు. వాళ్లకది ఇంటి తగువు. తేల్చుకోవడానికి దొరికిన చోటు స్పెయిన్.

వేల్స్ నుంచి వచ్చిన బొగ్గుగని కార్మికుల సంగతి వేరు. వాళ్లకు ఆ మాంద్యం రోజుల్లో పని లేదు, యూనియన్ మాత్రం గట్టిగా ఉంది. ఇంకో రకం వాళ్లూ ఉన్నారు. బెర్లిన్ ఒలింపిక్స్‌కు పోటీగా సరిగ్గా ఆ జూలైలోనే బార్సిలోనాలో ప్రజా ఒలింపిక్స్ జరగాల్సింది. పోటీలకని వచ్చిన ఆటగాళ్లలో కొందరు వీధుల్లో కాల్పులు చూసి అక్కడే ఉండిపోయి తుపాకీ పట్టారు. పరుగు పందేనికి వచ్చినవాడిని ఏ ఖానాలో రాస్తావు?

నాకు అన్నిటికన్నా నచ్చే ఉదాహరణ ఐర్లండ్ వాళ్లది. తిరగబడిన సైన్యానికి నాయకుడైన ఫ్రాంకో వైపు ఓవెన్ ఓడఫీ అనే మాజీ పోలీసు కమిషనర్ సుమారు ఏడొందల మందిని తీసుకెళ్లాడు. చర్చిలు తగలబడుతున్నాయి, కేథలిక్ మతాన్ని కాపాడాలన్నది వాళ్ల మాట. ప్రభుత్వం వైపు ఫ్రాంక్ రయాన్ ఇంకో ఐరిష్ గుంపుతో ఉన్నాడు. 1922–23లో ఐర్లండ్‌లోనే అంతర్యుద్ధం జరిగింది, ఆ పగ ఇంకా చల్లారలేదు. ఆ పాత జెండాలే స్పెయిన్‌లో మళ్లీ లేచాయి. ఓడఫీ మనుషులకు తగిలిన మొదటి తుపాకీ దెబ్బలు సొంత పక్షానివే, ఫ్రాంకో దళం ఒకటి వీళ్లను శత్రువులనుకుని కాల్చింది. కొన్ని నెలలకే ఓట్లు వేసుకుని ఇంటికొచ్చేశారు.

అదే ఫ్రాంకో వైపు పోరాడిన మొరాకో వాళ్లు కూడా ఉన్నారు, వేలకు వేలు. రిఫ్ కొండల్లో కరువు. చేరితే ముందస్తు జీతం, ఇంటికి నూనె, చక్కెర, రొట్టెలు. పదేళ్ల కిందట ఇదే స్పెయిన్ సైన్యం వాళ్ల ఊళ్ల మీద బాంబులేసింది. మీ నాన్నగారు చెప్పిన సగం ఇదే.

ఇక మిగిలిన పావు. ఇరాక్‌లో 2007లో సింజార్ అనే ఊరి దగ్గర అమెరికా సైన్యానికి కొన్ని కాగితాలు దొరికాయి. సిరియా మీదుగా ఇరాక్‌లోకి వచ్చిన విదేశీ పోరాటగాళ్ల వివరాలు రాసిపెట్టిన ఫారాలు అవి. సొంత ఊరు రాసిన వాళ్లలో లిబియాలోని డెర్నా అనే ఊరి వాళ్లు 52 మంది, సౌదీ రాజధాని రియాద్ వాళ్లు 51 మంది. రియాద్ లక్షలకు లక్షల జనం ఉన్న మహానగరం, డెర్నా మన శ్రీకాళహస్తి అంత ఊరు. మతమే కారణమైతే, పేదరికమే కారణమైతే ఆ మతం, ఆ పేదరికం పక్క ఊళ్లలో లేవా? డెర్నాలో ముందు ఒకడు పోయాడు. వాడి తమ్ముడు, వాడి మసీదు జతగాడు, వాడి క్లాస్‌మేటు వెనకే పోయారు. 2014లో ముంబై పక్కనున్న కల్యాణ్ నుంచి ఇరాక్ పోయిన మన దేశపు కుర్రాళ్లు కూడా నలుగురు స్నేహితులు, యాత్రికుల గుంపులో కలిసి పోయారు.

అందుకే 'ఎందుకు పోయాడు' కన్నా 'ఎవరితో పోయాడు' అని అడగమంటాను. సిద్ధాంతం ఉన్నవాళ్లు ఊరికి వంద మంది ఉంటారు, వాళ్లలో తొంభై తొమ్మిది మంది ఇంట్లోనే కూర్చుని వాదిస్తారు. కదిలినవాడి పక్కన సాధారణంగా ఇంకొకడు ఉంటాడు. నమ్మకం లేదని నేననను. ఒంటరిగా నమ్మి పోయినవాళ్లూ ఉన్నారు, కింద ఒకాయన కథ రాశాను. కానీ వాళ్లు తక్కువ.

డేవిడ్ మాలెట్ అనే పరిశోధకుడు 1816 నుంచి 2005 వరకు జరిగిన మూడొందలకు పైగా అంతర్యుద్ధాలు తిరగేశాడు. ఐదింట ఒకదానిలో బయటి వాళ్లు ఉన్నారు. ఎర్రజెండా వాళ్లైనా, మతం వాళ్లైనా, జాతి వాళ్లైనా చేర్చుకునేవాడి మాట దాదాపు ఒకటే: అక్కడ చస్తున్నది మనవాళ్లే, ఇవాళ వాళ్లు, రేపు మనం. మాడ్రిడ్ మీద బాంబులు పడినప్పుడు వేసిన పోస్టరులో ఒక చనిపోయిన పిల్ల బొమ్మ పెట్టి, దీన్ని సహిస్తే రేపు మీ పిల్లల వంతు అని రాశారు. దండెత్తడానికి రమ్మని ఎవడూ పిలవడు, కాపాడటానికే పిలుస్తాడు. అది విని రక్తం ఉడికినవాడిని మెదడు కడిగించుకున్నవాడు అనేస్తే మనకు సులువు. నా చిన్నప్పుడు బంగ్లాదేశ్ యుద్ధం రేడియోలో విని మా వీధి కుర్రాళ్లందరికీ రక్తం ఉడికింది, ఎవరూ పోలేదు. పిలిచేవాడు మా వీధికి రాలేదు, అంతే.

సార్, నేను కువైట్‌లో ఎనిమిదేండ్లు డ్రైవరు పని చేసి వచ్చినా. రష్యాలో హెల్పరు పని, నెలకు లక్షల్లో జీతమని ఒకాయన మా రూముకొచ్చి చెప్పినాడు. నేను పోలే. పోయినోళ్లు యుద్ధంలో చిక్కుకున్నారని పేపర్లో చూసినా. వాళ్లు కూడా మీరు రాసిన లెక్కలోకే వస్తారా?
– పేరు వద్దు, పీలేరు

పోకుండా మంచి పని చేశావు నాయనా.

ఉక్రెయిన్‌లో జరుగుతున్నది రెండు దేశాల యుద్ధం, అంతర్యుద్ధం కాదు, కాబట్టి లెక్క వేరు. కానీ నీ ప్రశ్న లోపలి సంగతి అదే. హెల్పరు, సెక్యూరిటీ గార్డు అని చెప్పి తీసుకెళ్లి, అర్థం కాని భాషలో కాంట్రాక్టు మీద సంతకం పెట్టించి, ముందు వరసకు పంపారు. యూట్యూబ్ వీడియోలతో ఎర వేశారు. 2024 మార్చిలో సీబీఐ కేసు పెట్టింది. చనిపోయిన వాళ్లలో హైదరాబాద్ మనిషి ఒకడు. 2025 జనవరిలో మన విదేశాంగ శాఖ చెప్పిన లెక్క ప్రకారం రష్యా సైన్యంలో చేరిన భారతీయులు 126 మంది, 96 మంది తిరిగొచ్చారు, 12 మంది చనిపోయారు, 16 మంది జాడ లేదు.

అంతర్యుద్ధాల్లోనూ ఇదే ఏజెంటు కనపడతాడు, వేషం మార్చుకుని. సిరియా ప్రభుత్వం తరఫున పోరాడటానికి ఇరాన్ తన దగ్గర తలదాచుకున్న అఫ్గాన్ శరణార్థులతో ఫాతిమియూన్ అనే దళం కట్టింది. వాళ్లలో చాలామంది అఫ్గానిస్తాన్‌లోని హజారా తెగకు చెందిన షియాలు. సిరియా రాజధాని డమాస్కస్ పక్కన ప్రవక్త మనవరాలు సయ్యిదా జైనబ్ సమాధి ఉంది, దాన్ని కాపాడాలన్నది ప్రచారం. చాలామందికి అది నిజంగానే గుండెకు తగిలే మాట. అయితే వాళ్లలో ఎక్కువమందికి ఇరాన్‌లో ఉండటానికి కాగితాలే లేవు. కూలి పనికి పోతూ పోలీసులకు దొరికితే సరిహద్దు అవతలికి నెట్టేస్తారు. అలాంటివాడికి జీతం ఇస్తాం, నివాస పత్రం ఇస్తాం అన్నారు. చనిపోయిన వాళ్ల కుటుంబాలకు పౌరసత్వం ఇచ్చేందుకు 2016లో ఇరాన్ పార్లమెంటు చట్టమే చేసింది. బలవంతంగా పంపారని మానవ హక్కుల సంస్థ హ్యూమన్ రైట్స్ వాచ్‌కు చెప్పినవాళ్లూ ఉన్నారు. సమాధి కోసం పోయాడా, కాగితం కోసం పోయాడా అని వాడినే అడిగితే వాడు కూడా విడదీసి చెప్పలేడు. గల్ఫ్‌లో వీసా అయిపోయాక దాక్కుని బతికిన మనవాళ్లకు ఈ సంగతి నేను వివరించక్కర్లేదు.

అన్నా, మా అబ్బోడికి పందొమ్మిదేండ్లు. ఇంజనీరింగ్ చదువుతా ఉండాడు. సెలవులకొచ్చి రాత్రంతా ఫోన్‌లో యుద్ధం వీడియోలు చూస్తా ఉండాడు, డ్రోన్లు, బాంబులు. 'అక్కడికి పోయి ఆ పిల్లోళ్లను కాపాడాలనిపిస్తాది' అన్నాడు. నాకు నిద్ర పట్టడం లేదు.
– ఒక తల్లి, పలమనేరు

చెల్లెమ్మా, ముందు నిద్రపో. ఆ వీడియోలు చూసేవాళ్లు లోకంలో కోట్ల మంది. పోయేవాళ్లు వేలల్లో కూడా కొందరే. అనిపిస్తాది అని అమ్మతో చెప్పినవాడు చాలావరకు పోయేవాడు కాదు, పోయేవాళ్లు ఇంట్లో చెప్పరు. పిల్లల శవాలు చూసి గుండె తరుక్కుపోవడం జబ్బు కాదు. ఫోన్ లాక్కోవద్దు. లాక్కుంటే చూడటం ఆగదు, నీతో చెప్పడం ఆగుతుంది.

ఒకటి మాత్రం గమనించు. ఆ వీడియోలు వాడికి ఎవరు పంపుతున్నారు? కాలేజీలో ముఖం చూసిన స్నేహితుడా, ముఖం ఎరగని 'అన్న' ఎవడైనానా? 'ఇంట్లో చెప్పొద్దు' అన్నాడా? పాస్‌పోర్టు తీసుకోమన్నాడా? ఇవి ఉంటే భయపడాలి, వెంటనే తెలిసిన పెద్దమనిషిని పట్టుకుని పోలీసుల దగ్గరికి పోవాలి. లేకపోతే పక్కన కూర్చుని ఒక వీడియో నువ్వూ చూడు, ఎవరు ఎవర్ని కొడుతున్నారో చెప్పమను.

వాడికి ఒక సంగతి చెప్పు, నా పేరు చెప్పి చెప్పు. ఐసిస్ వాళ్లు సిరియాలోకి వచ్చినవాళ్ల చేత నింపించిన దరఖాస్తులు 2016లో బయటపడ్డాయి. 23 ప్రశ్నలు. పేరు, తల్లి పేరు, బ్లడ్ గ్రూపు, చదువు, ఇంతకుముందు చేసిన పని, ఏయే దేశాలు తిరిగావు, ఎవరు సిఫారసు చేశారు, మామూలు పోరాటగాడివా ఆత్మాహుతివా. చివర్లో చనిపోయిన తేదీ, చనిపోయిన చోటు అని ఖాళీ గడులు. చేరేటప్పుడే ఆ గడి కూడా కొట్టి పెట్టుకున్నారు. మత జ్ఞానం ఎంత అన్న ప్రశ్నకు దాదాపు 70 శాతం మంది అంతంత మాత్రం అని రాసుకున్నారు. దేవుడి రాజ్యం కోసం ప్రాణమిస్తానని వచ్చినవాళ్లు! ఇక కల్యాణ్ నుంచి పోయిన నలుగురిలో ఒకడు అదే ఏడు నవంబరులో తిరిగొచ్చి అరెస్టయ్యాడు. తుపాకీ పట్టిస్తారనుకుంటే నీళ్లు మోయించారని, మరుగుదొడ్లు కడిగించారని వాడు చెప్పినట్లు పేపర్లలో వచ్చింది. నీతి బోధ చేస్తే వినని పిల్లోళ్లు ఇలాంటి మాట వింటారు. కాపాడాలన్న మనసు నిజంగా ఉంటే చిత్తూరు ఆసుపత్రిలో రక్తం ఇచ్చి రమ్మను, వాడి బ్లడ్ గ్రూపు అక్కడ రాయించుకుంటారు.

స్పెయిన్ యుద్ధానికి మన దేశం నుంచి ఎవరైనా పోయారా?
– రిటైర్డ్ హెడ్మాస్టరు, కుప్పం

పోయారు. పైన ఒంటరివాడు అన్నది ఈయన గురించే. గోపాల్ ముకుంద్ హుద్దార్, నాగపూర్ మనిషి. వినండి, ఆరెస్సెస్ తొలినాళ్లలో సర్ కార్యవాహగా, అంటే ప్రధాన కార్యదర్శిగా పనిచేసినవాడు. స్వాతంత్ర్యం కోసం ఆయుధాలకు డబ్బు కావాలని ఒక దోపిడీ కేసులో ఇరుక్కుని జైలుకెళ్లాడు. తర్వాత జర్నలిజం చదవడానికి లండన్ పోయి, అక్కడి గాలి తగిలి, 1937లో జాన్ స్మిత్ అన్న దొంగ పేరుతో స్పెయిన్‌లో బ్రిటిష్ బెటాలియన్‌లో చేరాడు. మరుసటి ఏడు ఫ్రాంకో సైన్యానికి చిక్కి, సాన్ పెద్రో దె కార్దెన్యా అనే పాత మఠంలో ఖైదీగా ఉన్నాడు. విడుదలై ఇండియా వచ్చి చివరికి కమ్యూనిస్టు అయ్యాడు. ఈ మనిషిని ఏ ఒక్క కారణంలో ఇరికిస్తారు? బ్రిటిష్ వాళ్లను తరిమేయాలని కలలు కన్నవాడు బ్రిటిష్ బెటాలియన్‌లో, ఇంగ్లీషు పేరుతో! నా లెక్కలో ఆయనకు కావలసింది పోరాటం. ఏ పోరాటం అన్నది తర్వాత తేలింది.

డాక్టర్ అటల్ కూడా అక్కడ యుద్ధ వైద్యం చేశాడు. తర్వాత 1938లో చైనాలో సేవ చేస్తూ కన్నుమూసిన డాక్టర్ కోట్నీస్ ఉన్న వైద్య బృందానికి నాయకుడిగా చైనా వెళ్లింది ఈయనే. నెహ్రూ ఆ ఏడే బార్సిలోనా వెళ్లి బాంబుల మధ్య కొన్ని రోజులు ఉండి వచ్చాడు.

ఆడవాళ్లు పోతారా?
– డిగ్రీ విద్యార్థిని, శ్రీకాళహస్తి

పోతారు. స్పెయిన్‌లో చనిపోయిన మొదటి బ్రిటిష్ వలంటీరు ఫెలీషియా బ్రౌన్ అనే చిత్రకారిణి, 1936 ఆగస్టులో. బొమ్మలు గీసుకోవడానికి స్పెయిన్ వచ్చి ఉండగా యుద్ధం మొదలైంది. 2018లో సిరియాలోని అఫ్రీన్ దగ్గర కుర్దు మహిళా దళంతో ఉండగా బ్రిటన్ అమ్మాయి ఆనా కాంప్‌బెల్ చనిపోయింది. ఐసిస్ వైపు పోయిన ఆడవాళ్లూ తక్కువేం కాదు. వాళ్లందరినీ మొగుళ్ల కోసం పోయిన అమాయకురాళ్లని పత్రికలు రాశాయి. మగవాడు పోతే సిద్ధాంతం, ఆడది పోతే మొగుడు. ఈ లెక్క నాకు నచ్చదు.

అలా పోయి పోరాడితే మన చట్టం ఏమంటుంది?
– న్యాయవాది గుమాస్తా, చిత్తూరు

మీ సారునే అడగొచ్చు కదా! సరే. పాత ఐపీసీలో సెక్షన్ 125, 2024 జూలై నుంచి భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 153. మన ప్రభుత్వంతో శాంతిగా ఉన్న విదేశీ రాజ్యం మీద యుద్ధం చేస్తే యావజ్జీవం దాకా పడొచ్చు. ఉగ్రవాద సంస్థ అని నిషేధించిన దాంట్లో చేరితే ఊపా (చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టం) అదనం. కల్యాణ్ కుర్రాడి మీద రెండూ పెట్టారు.

పోయి బతికి వచ్చినవాళ్లను ఊరు ఎట్లా చూస్తుంది మాస్టారూ?
– మాజీ సైనికుడు, పుంగనూరు

ఎవరు గెలిచారు, తర్వాత కాలం ఎటు తిరిగింది, దాన్ని బట్టి. స్విట్జర్లాండ్ నుంచి సుమారు ఎనిమిదొందల మంది స్పెయిన్ పోయారు. పరాయి సైన్యంలో చేరడం అక్కడ నేరం. తిరిగొచ్చిన వాళ్లను జైల్లో పెట్టారు. 2009లో పార్లమెంటు ఆ శిక్షలు రద్దు చేసింది, అప్పటికి డెబ్బై ఏళ్లు దాటిపోయాయి. స్పెయిన్ మాత్రం 1996లో బతికున్న బ్రిగేడ్ వాళ్లకు పౌరసత్వం ఇస్తామని చెప్పింది. బోస్నియాలో యుద్ధం ఆపేందుకు 1995 డేటన్ ఒప్పందం రాసుకున్నప్పుడు బయటి పోరాటగాళ్లు 30 రోజుల్లో దేశం వదలాలని షరతు పెట్టారు. కొందరు అప్పటికే అక్కడి అమ్మాయిలను పెళ్లి చేసుకుని ఉండిపోయారు. మీరు సైన్యంలో చేశారు కాబట్టి పింఛను సంగతి అడుగుతారని తెలుసు. చాలామందికి ఏమీ లేదు.

మా ఊరి పక్కన నరసింగరాయనిపేటలో హైదర్ అలీ చనిపోయాడంటారు. ఆయన సైన్యంలో ఫ్రెంచి వాళ్లు ఉన్నారట. వాళ్లు ఏం ఆశించి వచ్చారు?
– రైతు, చిత్తూరు మండలం

నిజమే, 1782 డిసెంబరు 7న అక్కడి శిబిరంలోనే చనిపోయాడు. ఆయన దగ్గరున్న ఫ్రెంచి దళానికి లాలీ అనే అధికారి నాయకుడు. పాండిచ్చేరి పోగొట్టుకుని పారిస్‌లో తల తీయించుకున్న లాలీ వేరు, ఈయన వేరు. ఈ దళం ముందు మన ఆదోనిలో నిజాం సోదరుడు బసాలత్ జంగ్ దగ్గర కొలువు చేసింది. ఇంగ్లీషు వాళ్ల ఒత్తిడికి ఆయన వదిలేస్తే హైదర్ చేర్చుకున్నాడు. 1778లో పాండిచ్చేరి ఇంగ్లీషు వాళ్ల చేతికి పోయాక పని లేక తిరుగుతున్న ఫ్రెంచి సిపాయిలకు కూడా ఇక్కడ జీతం దొరికింది, ఇంగ్లీషు వాళ్ల మీద పగ తీర్చుకునే దారీ దొరికింది. 1780లో కాంచీపురం పక్కన పొల్లిలూరు యుద్ధంలో వీళ్లు హైదర్ వైపు ఉన్నారు. హైదర్ పోయాక ఆ సంగతి టిప్పు మలబారు నుంచి వచ్చేదాకా బయటికి పొక్కనీయలేదు. జీతమిచ్చే మనిషి లేడని తెలిస్తే దళాలు చెదిరిపోతాయని భయం. టిప్పు వచ్చి, సైన్యానికి బాకీ జీతాలు తీర్చి, పగ్గాలు పట్టుకున్నాడు.